చూసినందుకు పైసలెందుకు అన్నన్నాళ్లూ పంపులు మారుతూనే ఉంటాయి

పవర్ స్టీరింగు మూలుగుతోందని వరంగల్‌లో ఏ షెడ్డుకు బండి తీసుకుపోయినా మొదట వినబడే మాట "పంపు పోయిందన్నా". బానెట్ లేపుతారు. ఇంజను నడుస్తుండగా స్టీరింగు ఆ కొసకూ ఈ కొసకూ తిప్పమంటారు. ఒక చెవి వంచి వింటారు, తీర్పు వచ్చేస్తుంది. చప్పుడు నిజంగానే పంపులోంచి వస్తుంటుంది కాబట్టి మనకూ అనుమానం రాదు. పాత పంపు దిగుతుంది, తుక్కుకు పోయిన ఇంకో బండిలోంచి తీసిన పంపు ఎక్కుతుంది, కొత్త ఆయిలు పడుతుంది. కొన్నాళ్లు బండి నోరు మూసుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ అదే మూలుగు. ఏమిటిది అని అడిగితే, "సెకండ్ హ్యాండ్ మాల్ గదన్నా, గట్లనే ఉంటది" అంటారు.

ఇదంతా మెకానిక్‌లను తిట్టడానికి రాయడం లేదు. తిట్టాల్సింది మా ఓనర్ల జాతిని. మనం స్పేర్ పార్టుకు డబ్బిస్తాం. అది బిగించినందుకు కూలి ఇస్తాం. రోగం ఏమిటో కనిపెట్టడానికి ఒక మనిషి గంటసేపు బండి కింద వెల్లకిలా పడుకుంటే మాత్రం రూపాయి తీయం. "ఏం జేసినవని పైసలు? చూసినవ్, అంతే గదా!" ఈ మాట నేను షెడ్డుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చూసినందుకు రాని డబ్బు పంపు అమ్మినందుకు వస్తున్నప్పుడు, ఏ మనిషైనా పంపే అమ్ముతాడు. ఈ వాదన నిలబెట్టడానికి పవర్ స్టీరింగును మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. చప్పుడు ఒకచోట, రోగం ఇంకోచోట, ఆయిలు తడి మూడోచోట కనిపించే యంత్రం అది.

నా బండి 2001 మోడల్ హోండా సిటీ, 1.5 లీటర్ల వీటెక్ ఇంజనుది. దీన్ని స్పోర్ట్స్ కారు అంటే నవ్వే మిత్రులున్నారు. నాలుగు తలుపులు, వెనక పెళ్లి సామాను పట్టే డిక్కీ, నవ్వడం న్యాయమే. మాజ్డా ఎంఎక్స్-5 పక్కనో పోర్షా బాక్స్‌టర్ పక్కనో దీన్ని నిలబెట్టే ధైర్యం నాకూ లేదు. కానీ ఆ రోజుల్లో ఉద్యోగస్థుడు కొనగలిగిన బండికి 106 హార్స్ పవర్ అంటే మాటలు కాదు. 2003లో దీని స్థానంలో వచ్చిన కొత్త సిటీ 77 హార్స్ పవర్‌తో, కరెంటు మోటారుతో నడిచే స్టీరింగుతో వచ్చింది. మైలేజీ పెరిగింది, కుర్రకారు ఏడ్చింది. అందుకే ఆ పాత వీటెక్‌లను హన్మకొండ నుంచి మంచిర్యాల దాకా ఇప్పటికీ కడుక్కుంటూ, తుడుచుకుంటూ తిరిగేవాళ్లున్నారు. వాటి స్టీరింగు ఆయిలుతో నడిచేది. దాని రబ్బర్లు ఇరవై ఏళ్లు దాటాయి. అసలు కథ ఆ రబ్బర్లదే.

యంత్రం సంగతి ముందు చెప్పుకోవాలి, లేకపోతే వాదన గాల్లో ఉంటుంది. ఇంజను తిప్పే బెల్టుతో ఒక పంపు తిరుగుతుంది. దాని లోపల రోటరు, ఆ రోటరు గాడుల్లో ముందుకూ వెనక్కీ జారే సన్నటి రేకులు ఉంటాయి. ఆ రేకులు ఆయిలు నిలవుండే డబ్బాలోంచి దాన్ని పీల్చి, ఒత్తిడి పెంచి స్టీరింగు రాక్ వైపు తోస్తాయి. ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పే కడ్డీ, దాని గొట్టం కలిసిందే రాక్. మనం స్టీరింగు తిప్పిన వైపును బట్టి రాక్ మీది వాల్వు ఆ ఆయిలును పిస్టన్‌కు కుడివైపో ఎడమవైపో పంపుతుంది. పనయ్యాక ఆయిలు తిరుగు పైపులోంచి డబ్బాకు చేరుతుంది. అమెరికాలో పియర్స్-ఆరో కంపెనీలో ఇంజనీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో హైడ్రాలిక్ పవర్ స్టీరింగును నడిపి చూపించాడు. క్రైస్లర్ కంపెనీ 1951లో ఇంపీరియల్ కారులో దాన్ని అమ్మకానికి పెట్టింది. కరెంటు మోటార్లు వచ్చేదాకా ఆ మూలసూత్రం మారలేదు.

తిన్నగా పోయేటప్పుడు ఈ ఆయిలులో ఒత్తిడి తక్కువే. స్టీరింగు చివరిదాకా తిప్పి పట్టుకుంటే మాత్రం చాలా కార్లలో 70 నుంచి 100 బార్ల దాకా పోతుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి రెండు బార్ల పైచిలుకు, అంతే. పంపు దాటాక రాక్ దాకా ఉన్న పైపులో ఈ భారీ ఒత్తిడి ఉంటే, డబ్బా నుంచి పంపు దాకా ఉన్న చిన్న పైపులో పరిస్థితి పూర్తిగా తలకిందులు. అక్కడ పంపు పీలుస్తోంది కాబట్టి ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ.

నా మొత్తం వాదనకు ఇరుసు ఇదే. ప్రెజర్ వైపు, అంటే పంపు దాటాక, చిల్లు పడితే ఆయిలు బయటికి వస్తుంది. సక్షన్ వైపు, అంటే పంపు పీల్చే పైపులో, చిల్లు పడితే బండి నడుస్తున్నంతసేపూ గాలి లోపలికి పోతుంది, బయటికి చుక్క రాదు. పగిలిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగి చూడండి. చొక్కా మీద ఒక్క బొట్టు పడదు, నోట్లోకి మాత్రం గుర్రుగుర్రుమంటూ గాలే వస్తుంది. పంపు మూలుగు కూడా చాలాసార్లు అదే. గాలి కలిసిన ఆయిలు మీద రేకులు సరిగ్గా పట్టు దొరక్క అరుస్తాయి. అరిచేది పంపే, కానీ చెడింది పంపు కాదు. ఆ అరుపును చాలాకాలం పట్టించుకోకపోతే మాత్రం నిజంగానే చెడుతుంది, ఎందుకంటే లోపలి రేకులకూ గోడకూ మధ్య ఉండాల్సిన ఆయిలు పొర తెగిపోతుంది.

ములుగు రోడ్డు వైపు నేను పోయే షెడ్డులో ఒక ఉస్తాద్ ఉన్నాడు. స్టీరింగు చప్పుడని చెబితే ఆయన పంపు వైపు చూడడు. బండి కాసేపు నడిపించి, డబ్బా మూత తీసి, టార్చి వేసి లోపలికి తొంగి చూస్తాడు.

"చూడన్నా, ఏం కనబడ్తాంది?"

"నురుగు."

"ఆఁ. ఆయిల్ల నురుగెందుకుండాలె? పంపు గాలి మింగుతాంది. దానికి రోగం లేదు, దానికి తిండి సక్కగ అంతలేదు."

తర్వాత ఇంకో పని చేస్తాడు. అది నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష, ఎందుకంటే దానికి పనిముట్టు ఏమీ అక్కర్లేదు. డబ్బాలో ఆయిలు మట్టం మీద కన్ను పెట్టి ఇంజను ఆఫ్ చేయమంటాడు. ఇంజను ఆగిన క్షణంలో మట్టం పైకి లేచిందా, వ్యవస్థలో గాలి ఉన్నట్టే. ఒత్తిడిలో నలిగి చిన్నగా ఉన్న బుడగలు ఒత్తిడి పోగానే ఉబ్బుతాయి, ఆ ఉబ్బు ఆయిలును పైకి తోస్తుంది. మట్టం కదలకుండా ఉందంటే గాలి లేదు, వేరే దారి వెతకాలి.

గాలి ఉందని తేలాక, ఎక్కడినుంచి అనేది ప్రశ్న. సక్షన్ దారి పొడుగు జానెడో మూరెడో, అనుమానితులు ముగ్గురే. డబ్బా దగ్గర పైపు ఎక్కే చోటు, పైపు రబ్బరు, పంపు మీద ఆ పైపు వచ్చి కూర్చునే జాయింటులో సందు మూసే గుండ్రటి రబ్బరు, దాని పేరే "ఓ రింగు". ఉస్తాద్ అదే స్టీరింగు ఆయిలును నాలుగు చుక్కలు ఒక్కో జాయింటు చుట్టూ వేస్తాడు. మూలుగు ఒక్క క్షణం తగ్గిందంటే గాలికి బదులు ఆ చుక్కలు లోపలికి పోయాయన్నమాట. దొంగ అక్కడే ఉన్నాడు. ఆ కాలపు హోండాల్లో ఈ ఓ రింగు గట్టిపడి గాలి పీల్చుకోవడం ప్రపంచమంతా ఎరిగిన జబ్బు. బయటికి తీసి గోటితో నొక్కితే దిగబడదు, వంచితే విరుగుతుంది. ఇంజను వేడికీ మన వరంగల్ మే నెలకూ ఇన్నేళ్లు కాలిన రబ్బరు ఇంకెలా ఉంటుంది? దాని ఖరీదు ఒక ప్లేటు మిర్చి బజ్జీ ఖరీదుకు అటూ ఇటూ. కానీ ఆయిలు తగిలినా పాడవని రబ్బరు అయి ఉండాలి. కుళాయి రిపేరు దుకాణంలో దొరికే వాషరు రింగు పెడితే నెల తిరక్కుండా ఉబ్బిపోతుంది.

ఇక్కడే అసలు చిక్కు. ఈ వెతుకులాటకు ఉస్తాద్‌కు గంట పట్టింది. దొరికింది ఒక రింగు. బిల్లు ఎంత రాయాలి? రింగు ధర చెప్పి గంట కూలి అడిగితే, "గింత రింగుకు గంతనా?" అంటాడు ఓనరు. అదే ఓనరుకు పంపు మార్చి వేలల్లో బిల్లు చేతిలో పెడితే కిమ్మనడు, ఎందుకంటే పాత పంపు మూటగట్టి ఇచ్చారు, చేతికి బరువు తగిలింది. తక్కువ ఖర్చుతో బాగుచేసిన వాడు దొంగ, ఎక్కువ ఖర్చుతో పాడుచేసిన వాడు నిపుణుడు. ఈ లెక్క మార్చకుండా, మెకానిక్‌లకు పని రాదని వాపోవడంలో అర్థం లేదు.

గాలి లేకుండా కూడా పంపు మూలగవచ్చు. డబ్బా అడుగున ఆయిలు వడగట్టే జాలీ మూసుకుపోతే పంపుకు చాలినంత ఆయిలు అందదు. కొన్ని బీఎండబ్ల్యూల్లో ఆ జాలీ డబ్బాలోనే కలిసి వస్తుంది, కడిగే వీలుండదు, డబ్బా మొత్తం మార్చాల్సిందే. నురుగు కనిపించదు, చప్పుడు చలికాలం పొద్దున చిక్కటి ఆయిలు మీద ఎక్కువగా ఉండి, బండి వేడెక్కాక తగ్గుతుంది. దీనికి విరుద్ధంగా నడుస్తున్నకొద్దీ పెరిగే మూలుగు ఎక్కువసార్లు గాలిదే. డిసెంబరులో పొద్దున్నే కాజీపేట స్టేషన్‌కు పోయేటప్పుడు వినబడి, మధ్యాహ్నం వినబడని చప్పుడుకు ఒక అర్థం ఉంది. మెకానిక్‌కు ఆ సంగతి చెప్పని ఓనర్లు సగం రోగాన్ని ఇంట్లోనే దాచి వస్తున్నట్టు. "సప్పుడస్తాంది" అని ఒక్క మాట చెప్పి తాళం చేతిలో పెట్టి పోవద్దు. ఎప్పుడు, ఎటు తిప్పితే, చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, నిలబడి ఉన్నప్పుడా నడుస్తున్నప్పుడా అన్నది కాగితం మీద రాసిచ్చినా తప్పులేదు.

మిగతా చప్పుళ్లను తొందరగా ముగిస్తాను. స్టార్ట్ చేయగానే, లేదా స్టీరింగు కొసకు తిప్పగానే కీచుమంటే అది బెల్టు. నీళ్లు కాస్త చిలకరిస్తే తెలుస్తుంది. కీచు పెరిగితే బెల్టు బిగువు చాలడం లేదు, కాసేపు తగ్గి మళ్లీ వస్తే బెల్టు ఎక్కే చక్రాల, అంటే పుల్లీల, వరస తప్పింది. కొసకు తిప్పి పట్టుకున్నప్పుడు బుస్సుమంటే అది ఒత్తిడి మితిమీరకుండా చూసే రిలీఫ్ వాల్వు తెరుచుకోవడం, రోగం కాదు. అయినా అక్కడ ఐదు సెకన్లకు మించి పట్టుకోవద్దు, ఆయిలు మరుగుతుంది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఇరుకు సందులో బండి ఇరికించడానికి కొస నుంచి కొసకు గుంజేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. టకటకమనో దడదడమనో వినబడితే ఆయిలు వ్యవస్థ వైపు చూడనే వద్దు. ఇంజను ఆపి స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపితే అదే టకటక వస్తుంది. రాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండో, స్టీరింగు కాలమ్ జాయింటో, సస్పెన్షన్ పై కొసన ఉండే బేరింగో అయి ఉంటుంది.

స్టీరింగు తిప్పినా తిప్పకపోయినా గరగరమని ఒకే తీరుగా వస్తుంటే అప్పుడు పంపు బేరింగును అనుమానించాలి. పొడుగాటి పేచ్‌కస్ (స్క్రూడ్రైవర్) మొన పంపు ఒంటి మీద ఆనించి, పిడికి చెవి పెడితే లోపలి గరగర స్పష్టంగా వినబడుతుంది. చొక్కా కొస, చేతివేళ్లు బెల్టుకు దూరంగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. ఇంకా సందేహం ఉంటే బెల్టు విప్పి ఒక్క నిమిషం ఇంజను నడిపి చూడొచ్చు. నా బండిలో పంపుకు బెల్టు వేరుగా ఉంది, నీళ్ల పంపును టైమింగ్ బెల్టు తిప్పుతుంది కాబట్టి ప్రమాదం లేదు. అన్నిటికీ ఒకే బెల్టు ఉన్న బండ్లలో నీళ్ల పంపూ ఆగిపోతుంది, కొన్ని సెకన్లలో ముగించాలి. బెల్టు లేకుండా చప్పుడు పోయిందంటే పంపో దాని పుల్లీయో. అప్పుడు మాత్రమే, చివరగా, పంపు మీద చేయి వేయాలి.

లీకుల సంగతి దీనికి రెండో సగం. ఇక్కడ కూడా మనవాళ్లు మొదటి చుక్క కనబడ్డ చోటునే దోషి అంటారు. ఆయిలు కారిన చోట ఆగదు. పైపు వెంబడి పాకుతుంది, గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది, అన్నిటికంటే కిందున్న బోల్టు చివరన వేలాడుతుంది. నేల మీద మరక చూసి తీర్పు చెప్పడం కోర్టు బయట నిలబడి శిక్ష వేసినట్టే. పైగా ఇంజను ఆయిలు కూడా ఆ చుట్టుపక్కలే కారుతుంటుంది. ఇంజను పై మూత కింది గాస్కెట్ నుంచి దిగిన నల్లటి జిడ్డును స్టీరింగు లీకని చెప్పి రాక్ విప్పిన షెడ్డును చూశాను. రంగు, వాసన, వేళ్ల మధ్య జారుడు, ఈ మూడూ చూడాలి. మారుతి, మిత్సుబిషి వంటి చాలా బండ్లలో పోసేది ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు వాడే ఎర్రటి ఏటీఎఫ్ ఆయిలు. హోండా తనదంటూ వేరే ఆయిలు పోయమంటుంది, అది లేత పసుపు. బాక్స్‌టర్, ఆ కాలపు కొన్ని బీఎండబ్ల్యూల్లో సీహెచ్ఎఫ్ 11ఎస్ అనే ఆకుపచ్చ సింథటిక్ ఆయిలు. బాక్స్‌టర్‌లో ఇంకో తమాషా ఉంది. ఇంజను వెనక భాగాన ఉంటుంది కాబట్టి పంపూ, డబ్బా వెనక, రాక్ ముందర. పైపులు బండి పొడుగునా పోతాయి, లీకు ఎక్కడైనా ఉండొచ్చు.

నేను ఎరిగిన పద్ధతుల్లో నమ్మకమైనది అన్నిటికంటే చవకైనదీ. కడగడం. డీజిలో, డిగ్రీజరో కొట్టి పంపు, పైపులు, రాక్ అన్నీ శుభ్రంగా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఇంట్లో వాడే ముఖం పౌడరు చల్లాలి. అవును, ముఖానికి రాసుకునేదే. బండిని వీధి చివరిదాకా తిప్పుకొచ్చి చూస్తే తెల్లటి పౌడరు మీద తడి మొదలైన చోటు గీత గీసినట్టు కనబడుతుంది. ఇంకొంచెం ఖర్చుకు వెనకాడని వాళ్లకు యూవీ రంగు ఉంది. ఆయిలులో కలిపి, చీకట్లో నీలి లైటు వేస్తే లీకు మెరుస్తుంది. కానీ ఈ కడగడం, ఆరబెట్టడం, తిప్పుకురావడం ఒక పూట పని. ఎవరిస్తారు ఆ పూట కూలి? అందుకే షెడ్డులో ఎవరూ కడగరు. "లీకేజీ రాక్‌దే అన్నా" అని నిలబడ్డ చోటునే చెప్పేస్తారు.

ప్రెజర్ పైపులో రబ్బరును ఇనుప గొట్టానికి నొక్కి బిగించిన మెడ ఉంటుంది. చాలా లీకులు అక్కడే పుడతాయి. నిలబడ్డ బండిలో పొడిగా ఉండి, స్టీరింగు కొసకు తిప్పినప్పుడు మాత్రమే చెమర్చే పైపులుంటాయి. దాన్ని వేలితో తడిమి చూడొద్దు. సూదిమొనంత రంధ్రం నుంచి ఆ ఒత్తిడిలో వచ్చే ఆయిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి చిన్న చుక్కే కనబడినా లోపల కండ కుళ్లి వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఇంకో మాట, ఆ ఆయిలు వేడి సైలెన్సర్ గొట్టం మీద పడితే పొగతో ఆగకపోవచ్చు, మంటా రావచ్చు. "కొద్దికొద్దిగ కారుతది, పోస్కుంట పోతె అయిపాయె" అనే వాళ్లతో నాకు ఈ ఒక్క విషయంలో రాజీ లేదు.

పంపు ఇరుసు సీలు పోతే పుల్లీ ఆయిలును చుట్టూ చిమ్ముతుంది. బానెట్ లోపలి వైపు, పక్క గోడ మీద ఒకే వరసలో చుక్కలు కనబడతాయి. ఇది గుర్తుపట్టడం తేలిక. ఇక రాక్. రాక్ రెండు చివర్లా ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు బూట్లుంటాయి. లోపలి సీలు పోతే ఆయిలు ఆ బూట్లలో నిండుతుంది. కిందికి పోయి బూటును చేత్తో పిసికితే లోపల జలజలమంటుంది. క్లిప్పు సడలిస్తే కారిపోతుంది. కొన్ని రాక్‌లలో రెండు బూట్లనూ కలిపే సన్నటి గాలి గొట్టం ఉంటుంది, దాంతో కుడి సీలు ఆయిలు ఎడమ బూటులోనూ కనబడవచ్చు.

బూటు గురించి ఇంకాస్త ఆగాలి. ఉత్తర తెలంగాణలో రాక్‌లు తొందరగా చావడానికి నా లెక్కలో మొదటి కారణం చిరిగిన బూట్లే. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైటు లారీల వెనక, మేడారం జాతర రోజుల్లో ములుగు దారిలో, పత్తి బండ్ల సీజన్లో ఎనుమాముల మార్కెట్ చుట్టూ లేచే దుమ్ము చిరిగిన బూటులోంచి నేరుగా రాక్ కడ్డీ మీదికి పోతుంది. వానాకాలం నీళ్లు దానికి తోడై కడ్డీ మీద తుప్పు పొక్కులు వస్తాయి. ఆ పొక్కులు సీలు లోంచి వచ్చిపోతుంటే సీలు చిరుగుతుంది. ఆ తర్వాత కొత్త సీలు కిట్టు వేసినా ప్రయోజనం లేదు, కడ్డీ నునుపు తేలాలి లేదా రాక్ మారాలి. బూటు చిరిగిందని ముందే చూసి చెప్పిన మెకానిక్ మనకు రాక్ డబ్బు మిగిల్చాడు. ఆయనకు మనం ఇచ్చింది టీ.

డబ్బాలో ఏది దొరికితే అది పోసే అలవాటు గురించి ఒక్క మాట. బ్రేక్ ఆయిలు ఎప్పుడూ పోయకూడదు. దాని రసాయనం వేరు, స్టీరింగు సీళ్ల రబ్బరు వేరు. సీళ్లు ఉబ్బి మెత్తబడి మొత్తం వ్యవస్థ పాడవుతుంది. లీకు ఆపే మందులని సీసాల్లో అమ్మేవి కూడా సీళ్లను ఉబ్బించే పనే చేస్తాయి. ఊరు దాటడానికి పనికొస్తాయేమో, రోగానికి కాదు.

ఇప్పుడు నాకు ఎదురయ్యే అభ్యంతరాలు. చూసినందుకు డబ్బు తీసుకుని కూడా తప్పు చెబితే? దీనికి నా జవాబు: చూపించమని అడగండి. డబ్బా లోపలి నురుగు చూపించాలి, పౌడరు మీద తడి చూపించాలి, బూటులోంచి కారిన ఆయిలు చూపించాలి. స్టీరింగు ఒకవైపే బరువుగా ఉంటే రాక్, రెండు వైపులా బరువుగా ఉండి ఇంజను వేగం పెంచగానే తేలికైతే పంపో బెల్టో అని కారణంతో సహా చెప్పాలి. గేజి ఉన్న షెడ్డయితే పంపు ఒత్తిడి కొలిచి సూది ఎక్కడ నిలిచిందో చూపించాలి. మనం డబ్బిచ్చేది అభిప్రాయానికి కాదు, రుజువుకు. ఉత్త అభిప్రాయం అయితే పాన్ డబ్బా దగ్గర ఉచితంగా దొరుకుతుంది.

పాత బండి కదా, పంపు ఎట్లాగూ మారాల్సిందే, ఇప్పుడే మారిస్తే పోలా అని ఇంకో అభ్యంతరం. కొత్త బండికైతే ఒప్పుకునేవాణ్ని. ఇరవై ఏళ్లు దాటిన బండికి కొత్త ఒరిజినల్ పంపు దొరకడం గగనం. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, పుత్లీబౌలీలోనో, మరీ కాదంటే ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచో తెప్పించే పాత పంపు మన పంపు ఈడుదే, దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు. బస్సు పార్సెల్‌లో దిగిన దాన్ని బిగించి, నిక్షేపంలాంటి మన పంపును తుక్కువాడికి తూకం వేస్తున్నాం. ఇలాంటి కార్లను ప్రేమించేవాళ్లమని చెప్పుకునే మనమే వాటి ఒరిజినల్ సామాను ఒక్కొక్కటిగా పారేస్తున్నాం.

మెకానిక్‌ల వైపు నుంచి కూడా ఒక మాట వింటుంటాను. "పైసలు ముందడిగితె గిరాకి పక్క షెడ్డుకు పోతడన్నా." నిజమే, పోతాడు. కానీ అదే గిరాకి కొత్త బండి ఇంజను లైటు వెలిగితే స్కానరు ఉన్న షెడ్డుకు పోయి, మిషను తగిలించినందుకు అడిగినంత ఇచ్చి వస్తాడు. మిషను చెప్పేది ఒక కోడు, అది కూడా ఎక్కడ వెతకాలో చెబుతుంది తప్ప ఏం చెడిందో చెప్పదు. అయినా బేరం లేదు. మిషను చూస్తే పైసలిస్తాం, మనిషి చూస్తే ఇవ్వం. నలభై ఏళ్లుగా చప్పుళ్లు విన్న చెవికి ఆ తెరంత విలువ లేకుండా పోయింది. ఆ చెవులున్న మనుషుల కొడుకులు ఈ పనిలోకి రావడం లేదు. ఆయిలు స్టీరింగు ఉన్న బండ్లు రోడ్డు మీద ఉన్నన్ని రోజులు వాటిని వినగలిగిన వాళ్లు ఉండాలంటే, వినడానికి కూలి ఉండాలి.

నేనూ ఉస్తాదూ పెట్టుకున్న ఒప్పందం చాలా మామూలుది. బండి వదిలేటప్పుడే చూసే కూలి మాట్లాడుకుంటాం. ఏం దొరికినా, ఏమీ దొరక్కపోయినా అది ఆయనది. పని కూడా ఆయన దగ్గరే చేయిస్తే బిల్లులోంచి తగ్గించడం ఉండదు. తగ్గిస్తే మళ్లీ పని అమ్ముకోవాలనే ఆశ మొదలవుతుంది, మొదటికే మోసం. సామాను నేను తెచ్చుకోవచ్చు, ఆయన తెప్పించవచ్చు, దాని మీద ఆయన లాభం సంగతి నేను అడగను. పక్క షెడ్ల వాళ్లు ఆయన్ను చూసి నవ్వారు, తర్వాత ఒకరిద్దరు రేటెంతని అడిగిపోయారట.

ఓ రింగు, సక్షన్ పైపు, రెండు క్లిప్పులు మార్చాక గాలి తీయడం ఉంటుంది. అది కూడా ఓపిక పనే. ముందు చక్రాలు జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి, ఇంజను ఆఫ్‌లోనే స్టీరింగును కొస నుంచి కొసకు మెల్లగా తిప్పుతూ, మట్టం తగ్గినప్పుడల్లా ఆయిలు పోస్తూ, బుడగలు ఆగేదాకా చేయాలి. ఆ తర్వాతే స్టార్ట్. తొందరపడి ముందే స్టార్ట్ చేస్తే పంపు ఆ గాలిని చిలికి మళ్లీ నురుగు చేస్తుంది, కొత్త రింగు కూడా పనిచేయలేదని అనిపిస్తుంది. నా బండిలో మూలుగు పోయింది, పంపు 2001లో ఫ్యాక్టరీలో బిగించిందే.

కుడి బూటులో మాత్రం కొంచెం చెమ్మ ఉంది. పిసికితే జలజల లేదు, క్లిప్పు విప్పితే కారలేదు, వేలికి అంటేంత తడి, అంతే. రాక్ విప్పే అవసరం ఇప్పుడే లేదని, దుమ్ము సీజను దాటేలోపు కొత్త బూటు వేసి, వానలు తగ్గాక మళ్లీ విప్పి చూద్దామని ఉస్తాద్ అన్నాడు. అలా చెప్పినందుకు కూడా చూసిన కూలి వేరుగా తీసుకున్నాడు.